ఆటోకు కారు చీటీ

గురువారం ఉదయం ఆరూ నలభైకి జూలూరుపాడులో భద్రాచలం బస్సెక్కాను. పాతికేళ్లు నాతో ఒకే బడిలో పాఠాలు చెప్పిన మిత్రునికి అక్కడి ప్రైవేటు దవాఖానాలో ఆపరేషన్ అయింది, చూసి రావాలి. టికెట్ నూట ఇరవై. పక్కసీటు ఆవిడ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చూపించి నవ్వింది. "మొగోళ్లకే పైసలు, సారూ!"

కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు నాలుగు ఇడ్లీలు తిన్నాను. పాల్వంచ దాటాక అడవి. తొమ్మిదింటికి భద్రాచలంలో దిగి, ఏసోబు అనే అతని ఆటో రానూపోనూ మాట్లాడుకున్నాను. దవాఖానా ఎదుట ఒక ప్రైవేటు పార్కింగ్ స్థలంలో నీడ ఉంటే, అక్కడ ఆగమని నేనే చెప్పాను.

మిత్రుణ్ణి చూసి అరగంటలో వచ్చేసరికి ఆటో చక్రానికి గొలుసు, తాళం. తోలుసంచి తగిలించుకున్న మనిషి వంద రూపాయల చీటీ చేతిలో పెట్టాడు. అందులో 'కారు' దగ్గర టిక్కు. ధరల బోర్డు కోసం వెదికితే మూలన పడున్న ట్రాక్టరు వెనక దొరికింది. ఆటోకు ముప్పై.

"ఆటోను కారెట్ల చేసినవయ్యా?"

"టైర్లు మూడైతేంది, నాలుగైతేంది? జాగా గంతే పడ్తది."

"గట్లయితే నేనీడ పండుకుంటే ఎంత?"

"మనుషులకు ఫ్రీయే సారూ. జల్దీ కట్టుండ్రి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గొంతు పెంచబోతే ఏసోబు చెయ్యి పట్టి ఆపాడు. కట్టి, చీటీ జేబులో పెట్టుకుని, నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోనిమ్మన్నాను.

అక్కడి క్లర్కమ్మ చీటీ తిప్పి చూసింది. "సోమవారం ప్రజావాణిల అర్జీ ఇయ్యుండ్రి. దీని మీద బండి నంబరున్నది గదా, విచారణకు బండాయననే పిలుస్తరు."

బయటికి రాగానే ఏసోబు నోరు విప్పాడు. "మీరు బస్సెక్కి పోతరు సార్. రేపు పొద్దుగాల నేను మల్ల గా గేటు కాడికే పోవాలె. దవాఖానా గిరాకీతోనే నా ఇల్లు నడుస్తది. ఆల్లు నన్ను నిలవడనిస్తరా?"

 నా కోపం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. తప్పు వాళ్లది, భయం ఇతనిది.

ఒంటిగంటా పావుకు తిరుగు బస్సు. ఒడిలో డైరీ పెట్టుకుని అర్జీ రాయడం మొదలుపెట్టాను. బండి నంబరు దగ్గర కలం ఆగింది. పక్కన కూర్చున్న చండ్రుగొండ రైతు అంతా అడిగి తెలుసుకున్నాడు.

"వంద రూపాయలకు గింత కొట్లాటా? ఇడిసిపెట్టు పెద్దాయనా."

"ఇడిసిపెడితేనే గదా ఆటో కారయింది!"

ఆయన నవ్వి కిటికీ వైపు తిరిగాడు. నేను ఆ కాగితం చింపేశాను.

దారి బాగుంది, బస్సులు వేళకే ఉన్నాయి. ఆ దవాఖానాకు వెళ్లేవారు మాత్రం ముందు ట్రాక్టరు వెనక్కి వెళ్లి బోర్డు చదవండి. అక్కడ బైకులకూ రెట్టింపు గుంజడం కళ్లారా చూశాను. అందుకే శనివారం నా స్కూటర్ మీద వెళ్లి, ఆ నీడలోనే నిలిపి, చీటీ రాయించుకుంటాను. సోమవారం అర్జీకి ఆ చీటీయే జతచేస్తాను. విచారణకు నన్నే పిలవనీ.