మందు సీసాలో వెల్లుల్లి కారం

ఆ రోజుల్లో మాకు భోజనమంటే నిలబడి చేసే పని. కెనడాలోని సస్కటూన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఆడపిల్లలం ఉండేవాళ్లం. ఒకరు క్లాసుకీ, ఇంకొకరు షిఫ్టుకీ పరిగెడుతూ, ఒక చేత్తో జాకెట్ జిప్ లాక్కుంటూ రెండో చేత్తో పెరుగన్నం తినేవాళ్లం. (ఆ విద్య ఇప్పుడు నాకు రాదు. జిప్‌కే రెండు చేతులూ కావాలి.) అలాంటిది సెమిస్టర్ మొత్తానికి ఒక్క ఆదివారం నాకూ, మా లెక్చరర్ అక్కకీ ఒకేసారి సెలవు దొరికింది. అక్క నిజానికి నాలాగే స్టూడెంటు. వరంగల్ నుంచి నాకంటే ఏడాది ముందు వచ్చానన్న హక్కుతో, మంచు మీద నడవడం దగ్గర్నుంచి రెజ్యూమే రాయడం దాకా అన్నిటి మీదా పాఠం చెప్పేది. "ఇయ్యాల కూసొని తిందాం, మనుషుల్లెక్క" అని నన్ను నది ఒడ్డునున్న కంబోడియా రెస్టారెంట్‌కి తీసుకెళ్లింది.

కిటికీ పక్క టేబుల్, కింద నది, మంచు పోయాక వచ్చిన మొదటి మంచి ఎండ. వంటా, వడ్డనా రెండూ ఓనర్ ఆంటీవే. కొబ్బరిపాలతో అరటాకు దొన్నెలో ఆవిరి మీద ఉడికించిన చేప తెచ్చి పెట్టింది. కమ్మగా ఉంది. ఆ కమ్మదనమే నాకొచ్చిన కష్టం. నాది భీమవరం నాలుక, కారం తగలకపోతే అన్నం తిన్నట్టే ఒప్పుకోదు. అమ్మ పంపిన వెల్లుల్లి కారాన్ని ఖాళీ మాత్రల సీసాలో పోసుకుని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకు తిరిగేదాన్ని. ఆంటీ వంటింట్లోకి వెళ్లిందని తీసి చల్లుకున్నాను. వండినవాళ్లని అవమానించడం తప్పని అక్క పాఠం అందుకునేలోపే ఆంటీ నా వెనకే నిలబడి ఉంది.

బాగాలేదా అని మెల్లగా అడిగింది. ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను.

"మందు, ఆంటీ. కడుపులో బాలేదు."

సీసా చూసి నమ్మేసింది. నమ్మడమే కాదు, నా ముందున్న చేపని ఎత్తి అక్క ముందు పెట్టి, నాకు ఉప్పు కూడా సరిగ్గా లేని గంజి తెచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అల్లం నీళ్లు తాగించింది. ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరున్నారని అడిగింది. అక్క రెండు చేపలనీ తీరిగ్గా తింటూ, అబద్ధం వల్ల కలిగే నష్టాల గురించి తెలుగులో నాకు వివరిస్తోంది. ఇంతలో ఆంటీ పెద్ద డబ్బా నిండా గంజి ప్యాక్ చేసి తెచ్చి, తగ్గేదాకా రోజూ రమ్మంది, తనే చేసిపెడతానంది. అక్కడ ఇక నా వల్ల కాలేదు. నా కోసం గంజి కాచిన మనిషి, అమ్మ తర్వాత ఆవిడే. అది మందు కాదని, కారమని చెప్పేశాను.

ఆంటీ సీసా మూత తీసి వాసన చూసింది. చిటికెడు నాలుక మీద వేసుకుంది. కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. తర్వాత చెప్పింది. పంతొమ్మిదేళ్లప్పుడు శరణార్థిగా ఈ ఊరొచ్చిందట. స్పాన్సర్ చేసి పిలిపించుకున్న ఇక్కడి కుటుంబం పెట్టిన మొదటి భోజనంలో ఉడకబెట్టిన బంగాళాదుంపలే ఎక్కువట. పిడికిట్లో ఎండుమిరపకాయ దాచుకుని, తలొంచి కొరుక్కుంటుంటే ఆ ఇంటి పెద్దావిడ చూసి, అదేమిటని అడిగిందట. భయపడి, మా ప్రార్థన అని చెప్పిందట. ఆ తర్వాత ఎన్నేళ్లు ఆ ఇంటికి భోజనానికి వెళ్లినా, ఈవిడ తల వంచినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఫోర్కులు కింద పెట్టి కళ్లు మూసుకునేవాళ్లట.

"ఆవిడ పోయేదాకా చెప్పలేకపోయాను. నువ్వు గంటలో చెప్పేశావు. నాకంటే నయం" అంది.

వేడివేడిగా ఇంకో చేప తెచ్చింది, తను నూరిన మిరపకాయ ముద్దతో సహా. సాయంత్రం నాలుగయ్యేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. అక్క కూడా పాఠాలు మానేసి నది చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో మాకు పెద్ద డైనింగ్ టేబులే ఉంది. కూర్చునే తింటాను, ఫోన్ చూసుకుంటూ. మొన్న మా అమ్మాయి "అమ్మా, ఆర్ యూ లిజనింగ్?" అని అడిగితే, వింటున్నానని అబద్ధమాడాను. నిజం చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆ విషయంలో నేనేమీ ఎదగలేదు.