ఛాయిస్‌లో పోయిన హొళగుంద

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు మాట. కర్నూలులో మా శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుగా ఉండేవాణ్ని. నియామకాలు, సెలవులు, ఇంక్రిమెంట్లు - కర్నూలు, కడప జిల్లాల సిబ్బంది జాతకాలన్నీ మా బీరువాలోనే ఉండేవి. ఆ వేసవిలో బదిలీల కౌన్సెలింగ్ పని నా నెత్తిన పడింది.

కౌన్సెలింగ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఖాళీల జాబితా ముందుగా ప్రకటిస్తాం. ఉద్యోగి తనకు కావలసిన ఊళ్లు ఫారంలో రాసి, కవరు అంటించి ఇస్తాడు. సీనియారిటీ ప్రకారం పిలిచి, హాల్లోనే కవరు తెరిచి, రాసిన ఊరు ఖాళీగా ఉంటే అక్కడికి వేస్తాం. ఒకసారి రాసిచ్చింది మార్చడానికి వీల్లేదు, వేసిన చోటునుంచి మూడేళ్లు కదలడానికీ వీల్లేదు. ఈ షరతు ఫారం అడుగున నేనే పెట్టించాను. ఫారాలన్నీ తెలుగులో ఉండాలని పైనుంచి ఉత్తర్వు వస్తే, తెలుగులోకి మార్చిందీ నేనే. ముసాయిదా రాయడంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నాకో పొగరు. ఒక్క ‘ఛాయిస్’ అన్న మాటను మాత్రం అలాగే తెలుగు లిపిలోకి దించేశాను. ఆ మాట తెలియనివాడెవడుంటాడు?

ఆ ఏడు జూనియర్ అసిస్టెంట్లకు ఖాళీలు ఎనిమిది. ఫారంలో గడులు మూడు: ఛాయిస్ 1, ఛాయిస్ 2, ఛాయిస్ 3.

ఆలూరులో పనిచేసే ఓబులేసుకు ఆ బదిలీ ప్రాణావసరం. భార్య జమ్మలమడుగులో టీచరు. ఆడపిల్లలిద్దరూ ఆమె దగ్గరే. ఐదేళ్లుగా అతను శనివారం బస్సెక్కి పోవడం, ఆదివారం సాయంత్రానికల్లా తిరుగు బస్సెక్కడం. చిన్నది తనను ‘ఆదివారం నాయిన’ అంటోందని ఒకసారి నాతో చెప్పుకొని కళ్లు తుడుచుకున్నాడు. జమ్మలమడుగులో ఆ ఏడే ఖాళీ పడింది.

ఓబులేసు వంతు వచ్చింది. మా అధికారి కవరు తెరిచి, ఫారాన్ని ఒకటికి రెండుసార్లు చూశారు. ఛాయిస్ 1: హొళగుంద. కర్ణాటక సరిహద్దులోని ఆ సీటు ఏళ్ల తరబడి ఖాళీ. అడిగి మరీ వెళ్లేవాడు దొరికాడని ఆయన సంబరంతో లేచి నిలబడ్డారు. ఇంత సేవాభావం ఈ రోజుల్లో ఎక్కడుందంటూ అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ప్రశంసాపత్రం రాయమంటే నేను తెల్లకాగితం కూడా తీశాను.

ఓబులేసు మొహం పాలిపోయింది. “హొళగుంద నాకెందుకు సార్? ఆ మూడూళ్లూ నేను ఛాయిస్‌లో వదిలేసినా సార్!”

నాకు సంగతి అర్థమై, తీసిన కాగితాన్ని పక్కన పెట్టాను.

అధికారికి మాత్రం ఏమీ బోధపడలేదు. ఓబులేసే విడమరిచి చెప్పాడు. “పరీచ్చలో ఎనిమిది ప్రశ్నలిచ్చి ఐదు రాయమంటారు గదా సార్. మిగతా మూడు ఛాయిస్. ఈడ ఎనిమిదూళ్లిచ్చి ఛాయిస్ మూడన్నారు. వద్దనుకున్నవి మూడు రాసినా. మిగిలిన ఐదింట్లో జమ్మలమడుగు ఉండాది. యాడ తప్పుండాది సార్?”

అధికారి నిఘంటువు తెప్పించారు. ఎంచుకోవడం, ఎంచుకున్న వస్తువు, ఎంచుకునే అవకాశం, మేలైన రకం - అన్నీ ఉన్నాయి, వదిలెయ్యడం మాత్రం లేదు. నేను రాసిన షరతునే నాకు చదివి వినిపించి, హొళగుందే ఖాయమన్నారు. జమ్మలమడుగు కోసం తర్వాతి ఉద్యోగి అప్పటికే కుర్చీలోంచి లేస్తున్నాడు.

ఇక లాభం లేదని మా అటెండరు మద్దిలేటిని పిలిచి, ఛాయిస్ అంటే ఏందప్పా అని అడిగాను.

“సదవకుండా ఇడిసిపెట్టేది సార్. నేను లెక్కలన్నీ ఛాయిస్‌లో ఇడిసిపెట్టినా. అందుకే ఈడ నీళ్లు మోస్తాండా,” అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. అధికారి కూడా నవ్వాపుకోలేక, పదో తరగతిలో తాను త్రికోణమితిని అలాగే వదిలేశానని ఒప్పుకున్నారు. అయితే తప్పు ఫారానిదేనని ఎవరో ఒకరు రాసివ్వాలి గదా అన్నారు. ప్రశంసాపత్రం కోసం తీసిన కాగితం మీదే, తప్పు ఫారం తయారుచేసినవాడిదని, ఆ మహానుభావుణ్ని నేనేనని రాసి సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నా ముసాయిదా ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా ఆమోదం పొందింది అదొక్కసారే. ఓబులేసు జమ్మలమడుగు ఆర్డరు తీసుకొని, దండం పెట్టడం కూడా మరిచిపోయి బస్టాండుకు పరిగెత్తాడు.

తర్వాత కడపలో ఇంగ్లీషు లెక్చరరుగా ఉన్న మిత్రుణ్ని అడిగాను. ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. ఇంకా వెనక్కి పోతే దాని మూలార్థం రుచి చూడటమట. ఇష్టపడటం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘జుష్’ కూడా దానికి చుట్టమేనట. రుచి చూసి ఏరుకొమ్మన్న మాటను మనవాళ్లు రుచైనా చూడకుండా వదిలేసేదిగా మార్చుకున్నారన్నమాట. తప్పనను. మాటకు నిఘంటువులో ఒక అర్థముంటుంది, జనం నోట ఒక అర్థముంటుంది. ఫారం నింపేది జనం.

మరుసటి ఏడు గడుల పైన ‘కోరుకుంటున్న ఊళ్లు’ అని రాయించాను. అందరూ సరిగ్గానే నింపారు. హొళగుంద మాత్రం మళ్లీ ఛాయిస్‌లోనే పోయింది.