అగ్గిపుల్లకు సరితూగని శక్తి

ఈ సంగతి రాసిపెట్టకపోతే నరసింహులన్నను ధర్మవరం వట్టి అనుమానపు మనిషిగానే గుర్తుంచుకుంటుంది. మొన్న హిందూపురం బస్టాండు దాటుతుంటే ఎక్కడో వేరుశనగ పొట్టు కాలుతున్న వాసన వచ్చింది. వెంటనే ఆయన గొంతు వినబడింది: "తడి పొట్టప్పా ఇది. బరువు రావాలని నీళ్లు చల్లినారు."

తొంభైల్లో, ధర్మవరంలో పట్టు నూలుకు రంగులు వేసే షెడ్డులో ఆయన బాయిలర్ మేస్త్రీ. ముప్పై ఏళ్లు దాటిన నేను ఆయన కింద పనివాణ్ణి. పొట్టు బండి వస్తే ప్రతి మూటలోంచీ పిడికెడు తీసి, రేకు మీద పోసి, ఒక్క అగ్గిపుల్లతో ముట్టించేవాడు. అంటుకుంటేనే దించనిచ్చేవాడు. అమ్మినవాడి మీదా, మోసినవాడి మీదా అనుమానమే. నా మీద మరీ ఎక్కువ. నేను పెనుకొండ నుంచి రైల్లో వస్తూ గ్రంథాలయం పుస్తకాలు చదివేవాణ్ణి. పదో తరగతి తప్పినా భౌతికశాస్త్రం తెలుసునని నాకు గర్వం.

ఒకరోజు ఒకాయన బూడిదరంగు పొడి తెచ్చాడు. చెంచాడు కలిపితే సగం పొట్టు చాలునట. కరపత్రంలో 'చెంచాకు వెయ్యి కోట్ల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల అణుశక్తి' అని ఉంది. యజమాని నా వైపు చూశాడు.

"అణువుల శక్తిని కొలిచేది ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే సార్, పుస్తకాల్లో ఉండాది" అన్నాను.

ఆ ఒక్క మాటకే యజమాని పది డబ్బాలు తెమ్మనబోయాడు. తొట్లలో పెళ్లిళ్ల పట్టు ఉంది. ఆవిరి తగ్గితే రంగు చారలు చారలుగా పట్టుకుంటుంది.

నరసింహులన్న నన్ను పక్కకు లాగాడు. "ఏమబ్బా, ఆయప్ప నీకేమన్నా ఇస్తానన్నాడా?"

"అంత మాట అనొద్దన్నా."

"అయితే మన బాయిలర్ వేడి బీటీయూల్లో రాసుండాది గదా, ఆ కొలతలో చెప్పు."

రేపు చెబుతానన్నాను.

"రేపటిదాకా కొనొద్దు సార్. వీడు చెప్పింది తప్పయితే ఇంగ బాయిలర్ కాడికి రానియ్యను" అన్నాడు యజమానితో.

సాయంత్రం గ్రంథాలయంలో ఒక భౌతికశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని లెక్క వేశాను. ఒక బీటీయూ అంటే వెయ్యిన్నీ యాభై అయిదు జౌల్స్. ఒక్కో జౌల్‌లో, ఆరు పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్ వోల్టులు. భాగించి చూస్తే చెంచాడు పొడి శక్తి ఒక బీటీయూలో అరవై వేలవ వంతు కూడా లేదు. అగ్గిపుల్ల పూర్తిగా కాలితేనే సుమారు ఒక బీటీయూ అని అదే పుస్తకంలో ఉంది. సున్నాలు చూసి మోసపోయింది చదువుకోనివాళ్లు కాదు, నేను.

మరునాడు లెక్క వేసిన కాగితం నరసింహులన్న చేతికిచ్చి, యజమాని ముందు తప్పు ఒప్పుకున్నాను.

"నిన్న పొడిని నమ్మమంటివి, ఈపొద్దు కాగితాన్ని నమ్మల్లనా?" అంటూ నరసింహులన్న రేకు మీద చెంచాడు పొడి పోసి అగ్గిపుల్ల గీశాడు. పుల్ల కాలిపోయింది. పొడి అట్లాగే ఉంది.

"అబద్ధం రాద్దామనుకొని నిజమే రాసినాడు గదప్పా!" అని నవ్వాడు. నవ్వు ఆగకముందే కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇంగోతూరి కిందనుంచి పైకి లెక్కెయ్యి. ఎవురి తప్పు వాళ్లకు బిరీన కనపడదు."

నన్ను బాయిలర్ దగ్గరే ఉంచాడు. పొట్టు పరీక్షించే అగ్గిపెట్టె మాత్రం మరో ఏడాదిదాకా నా చేతికివ్వలేదు.

ఆ పుస్తకం వెతికిచ్చిన గ్రంథాలయం సుశీలమ్మకు, ఇది రాసేముందు లెక్క సరిచూసిన బషీర్ సారుకు, తండ్రి నరసింహులన్న గురించి రాయనిచ్చిన లక్ష్మీదేవికి నా కృతజ్ఞతలు. లెక్కను కిందనుంచి పైకి కూడా వేశాను. అయినా నన్ను నమ్మకండి, మీరూ ఒకసారి వేసి చూడండి.