ఫోటోలో అన్నం

మొన్న మా మేనత్త ఏడాది జ్ఞాపకార్థ కూడికకు వెళ్తే, పోయిన మనిషి మాట్లాడింది. దయ్యమనుకునేరు, టీవీలో మాట్లాడింది. పాస్టరు గారు ప్రార్థన ముగించి కూర్చోగానే మా అత్త మనవరాలు లేచి తన ఫోనును గోడకున్న టీవీకి కలిపింది. ఆ పిల్ల మా బావ కూతురు, అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో ఉద్యోగం. అత్త ఫోటో తెరనిండా వచ్చింది. కొన్నేళ్ళ కింద నా ఫోనుతో నేను తీసిన ఫోటోయే అది. చూస్తుండగానే రెండుసార్లు కళ్ళార్పింది, మెడ కొంచెం పక్కకు వంచింది, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "అందరికీ వందనాలు. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. మీరందరూ సంతోషంగా ఉండండి" అన్నది. ఆడవాళ్ళ కొంగులు కళ్ళ మీదికి వెళ్ళాయి. మా బావ తల్లి ఎదురుగా వచ్చినట్టే లేచి నిలబడ్డాడు. నేనొక్కడినే, టికెట్టు తీసుకోకుండా కిటికీలోంచి బయటకు చూస్తున్న ప్రయాణికుణ్ణి చూసినట్టు ఆ తెరను చూస్తూ కూర్చున్నాను.

అనుమానం నాకు జబ్బు కాదు, వృత్తి. భద్రాచలం డిపోలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేశాను. మీసాలు మొలిచిన కొడుకుకు ఐదేళ్ళు నిండలేదని ప్రమాణం చేసిన తల్లులను చూశాను, గంపలో కోడిపుంజును పెట్టుకుని గంపంతా కూరగాయలేనని చెప్పిన పెద్దమనుషులను చూశాను. కూరగాయలు కూతపెట్టినా వాళ్ళు ఒప్పుకోలేదు. అందుకే తెర మీది అత్తను చూడగానే నాకు ముందు కనబడ్డవి పళ్ళు. మా అత్తకు పైన రెండు ముందుపళ్ళు లేవు. రెండోది ఆ మాట. "క్షేమంగా" అనే మాట నేను పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట వినలేదు. రిటైరయ్యాక నా అనుమానమంతా మనుషుల మీది నుంచి వస్తువుల మీదికి మళ్ళింది. మా అమ్మాయి నా చేతికి కట్టిన వాచీ ఒకనాడు నేను నాలుగు వేల అడుగులు నడిచానని మెచ్చుకుంది. ఆ రోజంతా నేను అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాను. మోకాలు నొప్పి అని ఇంట్లో అంటే చాలు, సాయంత్రానికి ఫోనులో మోకాలి పట్టీలు ప్రత్యక్షం. అప్పటినుంచి ఇంటి విషయాలు మాట్లాడేటప్పుడు ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగిస్తున్నాను. మన ముచ్చట్లు వినేంత తీరిక ఎవరికుందని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీయండి.

అయితే ఈ విద్యలో నాకు గురువు మా అత్తే. పర్ణశాల రోడ్డు మీద ఆమెకు చిన్న హోటలుండేది. హోటలంటే పెద్దగా ఊహించుకోకండి, రేకుల కప్పు, రెండు బల్లలు, ఎప్పుడూ మరిగే టీ గిన్నె. ఆదివారం చర్చికి పోయి వాక్యం వినొచ్చి, మిగతా ఆరు రోజులు రాముడి దర్శనానికి పోయేవాళ్ళకు టీలు పోసి, బజ్జీలు వేసేది. వెనకే ఇల్లు, ఇంటి వెనక వాగు. మా బావ, అతన్ని చేసుకున్న మా అక్క అశ్వారావుపేట తోటల్లో పని చూసుకుని అక్కడే కిరాయికి ఉంటూ, రమ్మని ఎంత పిలిచినా ఆమె హోటలు విడిచి వెళ్ళలేదు. నలుగురికి పెట్టకుండా ఒక్కదాన్నే తినాలంటే ముద్ద దిగదని సాకు చెప్పేది. మా బావే ఆమెకు మీటలు నొక్కే ఫోను కొనిచ్చాడు. ఆ ఫోనును ఆమె మొదటి రోజు నుంచీ కొత్త కోడల్ని చూసినట్టే చూసింది.

ఒకసారి ఎవడో ఫోను చేసి, పింఛను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాననీ, ఆమె ఫోనుకు ఆరంకెలు వస్తాయనీ, అవి చదవమనీ అడిగాడట. మా అత్తకు చదువు రాదు. దాందేముంది నాయనా, ఇంటికి రా, అన్నం తిను, నువ్వే చదువుకుందువు గాని అన్నదట. వాడు మళ్ళీ మళ్ళీ అంకెలే అడిగాడు, ఈమె మళ్ళీ మళ్ళీ అన్నానికే పిలిచింది. చివరికి వాడే పెట్టేశాడు. ఈ కథ ఆమె హోటలుకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది. చెప్పి, చివర్లో గరిటె పైకెత్తి, "అన్నం తినమంటే ఫోన్ పెట్టేసేటోడు మంచోడైతడా?" అనేది.

ఆ రోజు నుంచి ఫోనులో ఎవరు పలికినా ఒకటే ప్రశ్న: "మా ఇంట్ల ఆఖరుసారి ఏం తిన్నవ్?" సరిగ్గా చెబితేనే తర్వాతి మాట. కొడుకైనా అంతే, కోడలైనా అంతే. పాస్టరు గారు ఒకసారి ఉప్మా అని చెప్పి నెగ్గారు. ఆ ఉప్మా ఆయన మర్చిపోయే రకం కాదు, మిరపకాయలు అలాంటివి. ఫోను కంపెనీ వాళ్ళ రికార్డు గొంతును కూడా అడిగింది. అది జవాబు చెప్పకుండా తన పాటికి తాను చెప్పుకుపోతుంటే, ఈ పిల్లకు మర్యాద తెల్వదని కట్ చేసింది. గొంతు వింటే నేనెవరో తెలియదా అత్తా అని నేను విసుక్కుంటే, గొంతులు మార్చే మిషన్లు వచ్చినయట అల్లుడా అనేది. అలాంటివి ఉండవని నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

నా సర్వీసు చివరి ఏడాది, వానాకాలం మొదట్లో నేను పెద్ద తెర ఫోను కొన్నాను. నా డ్యూటీ ఆ రోడ్డు మీదే కాబట్టి, కొన్న వారంలోనే ఆమెకు చూపించాలని బస్సు దిగాను. అక్కడ ఐదు నిమిషాలు ఆగే అలవాటు మా బస్సుకు ఎప్పటి నుంచో ఉంది. అడవి పల్లెల కోయ ఆడవాళ్ళు గంపల్లో తెచ్చే బోడకాకరకాయలు ఆ రోజుల్లో దొరికేవి. నాకవి ప్రాణమని అత్తకు తెలుసు. నేను ఫోను గురించి గొప్పలు చెబుతుండగానే కంచంలో పొగలు కక్కే అన్నం, పక్కన బోడకాకర వేపుడు పెట్టి నా ముందుంచింది. నేను కంచాన్ని ఫోటో తీశాను. రంగులు బాగా వచ్చాయి. ఫోను కొంచెం పైకెత్తి, కంచం వెనక నిలబడ్డ అత్త కూడా పడేలా ఇంకొకటి తీశాను. ఈ వస్తువేదో, ఏం ఎత్తుకుపోతుందో అన్నట్టు కళ్ళు చికిలించి చూస్తోంది. చూడత్తా ఎంత బాగా పడ్డవో అని చూపించేసరికి డ్రైవరు హారన్ కొట్టాడు. వచ్చేటప్పుడు తింటానని పరుగెత్తాను. వచ్చేటప్పుడు బస్సు నిండా జనం, దిగడానికి సందు లేదు. మర్నాటి నుంచి నా డ్యూటీ వేరే రోడ్డుకు మారింది.

మూడు వారాలకు గోదావరి పొంగింది. ఆ రోజు ఉదయమే ఎక్కడిదో డ్యాం తెగిన వీడియో ఊళ్ళలో ఫోను ఫోనుకూ తిరిగింది. మన డ్యామే తెగిందన్నారు. అత్త ఊరివాళ్ళంతా బియ్యం గిన్నెలతో, కోళ్ళతో గుట్ట ఎక్కారు. అత్తనూ ఎక్కించారు. గంటకు అది ఏ దేశానిదో పాత వీడియో అని తేలింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా దిగివచ్చారు. ఇళ్ళు ఖాళీ చేయించి దోచుకోవడానికే ఎవరో ఇలా చేశారని మా అత్త తీర్మానించింది. సమస్య ఏమిటంటే, మధ్యాహ్నానికి నిజంగానే నీళ్ళు వచ్చేటట్టున్నాయి. గోదావరి నిండితే దాని నీళ్ళు వాగుల్లోకి ఎదురెక్కుతాయి. ఇంటి ముందు రోడ్డు పొడిగా ఉండగానే ఇంటి వెనక నుంచి నీళ్ళు చుట్టేస్తాయి. రోడ్డు తెగబోతోందని డ్రైవర్లు డిపోకు ఫోన్లు చేస్తున్నారు. ఆఖరి బస్సు పర్ణశాల నుంచి తిరిగి వస్తోంది. దాని డ్రైవరుకు కబురంపించాను, మా అత్త హోటలు దగ్గర ఆపి ఆమెను ఎక్కించుకు రమ్మని.

ఇక ఆమెకు చెప్పాలి. నా ఫోను చచ్చి ఉంది. పొద్దుటి నుంచి వంతెన మీద నిలబడి గోదావరిని వీడియోలు తీసిన వందమందిలో నేనూ ఒకణ్ణి మరి. డిపోలో కంట్రోలరు బల్ల మీది ఫోను నుంచి చేశాను. అత్తా నేనే, వెంటనే రోడ్డు మీదికి రా, మన బస్సు వస్తుంది, అదే ఆఖరుది అన్నాను. అవతల నుంచి అదే ప్రశ్న. నాకు ఒళ్ళు మండింది. కంట్రోలరు ఫోను కోసం చేయి చాచి నిలబడ్డాడు, లౌడ్ స్పీకరులో గోదావరి వరదకు రెండో ప్రమాద హెచ్చరిక చెబుతున్నారు. నోటికొచ్చింది అనేశాను.

"చేపల పులుసు. జల్దీ రా అత్తా."

ఫోను కట్ అయింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. బస్సు వెళ్ళి హోటలు ముందు ఆగి చాలాసేపు హారన్ కొట్టిందనీ, డ్రైవరు దిగి తలుపు కొట్టినా ఆమె లోపల గడియ తీయలేదనీ, బస్సు నిండా పిల్లా జెల్లా ఉంటే ఇంకా ఆగలేక వచ్చేశాననీ ఆ డ్రైవరు నాతో చెబుతూ ఏడ్చినంత పని చేశాడు. అరగంటలో రోడ్డు తెగింది. ఆ తర్వాత ఆమె ఫోను మోగనే లేదు. మా బావ అశ్వారావుపేట నుంచి నిమిషానికొకసారి అడుగుతుంటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నా జీవితంలో అంత భయపడ్డ రోజు ఇంకొకటి లేదు. మర్నాడు పడవ వాళ్ళు ఆమెను పక్క డాబా మీంచి దించి తెచ్చారు. ఒళ్ళంతా తడిసి, జ్వరంతో వణుకుతూ, గరిటె ఒక్కటి చేతిలో పట్టుకుని వచ్చింది. హోటలు పోయింది, బల్లలు పోయాయి, గిన్నెలన్నీ పోయాయి.

వారం రోజులు దవాఖానాలో ఉంది. మూడో రోజు మాట తేలికయ్యాక నేను ఉండబట్టలేక అడిగాను, నా గొంతు నిజంగా గుర్తుపట్టలేదా అని.

"గొంతు నీదే అనుకున్న అల్లుడా. కానీ నువ్వైతే ఏం తినలేదని చెప్తవ్ కదా. కంచం ఫోటో తీసుకొని పోయినవ్. తిననోడు తిన్నా అంటే దొంగ గాక ఎవరనుకోవాలె?"

నేను తల దించుకున్నాను. ముప్పై ఏళ్ళు అబద్ధాలు పట్టినవాణ్ణి, ఒక్క అబద్ధానికి పట్టుబడ్డాను. ఆమె మాత్రం అంతటితో ఆ సంగతి వదిలేసింది. తర్వాత మా బావ రోడ్డుకు ఎత్తున ఇల్లు కట్టించి తానూ అక్కడికే వచ్చేశాడు. నేనెప్పుడు వెళ్ళినా కంచం ఖాళీ చేశాకే లేచేవాణ్ణి. ఆమె ఆఖరుసారి నాకు పెట్టింది పప్పుచారు, ఎండుచేప. నన్నెవరూ అడగకపోయినా ఇది రోజూ ఒకసారి అనుకుంటాను.

మొన్న ఆ టీవీ ముందు కూడా అదే అనుకుంటున్నాను. పైకే అనేసినట్టున్నాను. టీవీ పక్కన నిలబడ్డ మనవరాలు నా పక్కకు వచ్చి కూర్చుంది. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నన్నూ అడిగేది మామా అన్నది. తర్వాత కొంచెం ఉత్సాహంగా, "అది గూడ పెట్టొచ్చు మామా. మనం రాసిస్తే నానమ్మ గొంతుతోటే అడుగుతది" అన్నది.

"అడుగుతది బిడ్డా. నేను అబద్ధం చెప్తే ఫోన్ పెట్టేస్తదా?"

ఆ పిల్ల తెర మీద ఆగిపోయిన నానమ్మ ముఖాన్ని చూసింది. ఆ పళ్ళ వరుసను ఆమె కూడా అప్పుడే చూసినట్టుంది. లేచి టీవీ ఆపింది. నాకు కొంచెం బాధేసింది కూడా, పాపం ఎంత ప్రేమగా చేసుకుందో. కానీ నోరు జారాక ఏం చేస్తాం. మూడు గంటల బస్సుకు వెళ్ళిపోవాలనుకుని చెప్పులు వేసుకుంటుంటే, బగారన్నం, కోడికూర వేసిన కంచంతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తినిపో మామా అని ఒక్క మాటే అన్నది. బస్సు రోడ్డు మలుపు తిరిగిన చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. చెప్పులు విప్పి కూర్చున్నాను. ఆ పిల్ల తన ఫోనును కిటికీలో బోర్లా పెట్టి వచ్చి, నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని మళ్ళీ మళ్ళీ వడ్డించింది.

ఇంటికొచ్చాక బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, అసలు ఫోటో వెతికాను. దొరికింది. అత్త కళ్ళు చికిలించి నన్ను అనుమానంగా చూస్తోంది, ముందుపళ్ళు రెండూ లేవు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ముందు కంచంలో అన్నం మీద ఆవిరి ఆ రోజు లేచినట్టే లేస్తోంది. ఫోనులో అది ఎన్నేళ్ళయినా అలా వేడిగానే ఉంటుంది కాబోలు. చల్లారిందల్లా నేను బస్సు వెనక పరుగెత్తిన ఆ ఐదు నిమిషాల్లోనే.