ఉప్పుకాలువ దాటిన పడవలు

ఆదివారం ప్రభుదాసు ఫోన్ చేశాడు. బిట్రగుంట బడిలో నేను చరిత్ర చెప్పిన రోజుల్లో హాస్టల్లో ఉండి చదివినవాడు. ఇప్పుడు మైపాడు అవతల ఒక పాలెంలో పడవలవాళ్లకు పెద్ద. పక్క పాలేనికీ వాళ్లకూ మధ్య ఉప్పుకాలువ ఉంది. అది దాటి వలలు వేయకూడదని పాత కట్టుబాటు. అతను దాన్ని మీరాడని రెండు పాలేల పెద్దలూ విచారణకు పిలిచారు. పెద్దరికం వదిలి, ఒంటరిగా రమ్మన్నారు.

"ఒంటిగా పోతే వెలేస్తారు సార్. పడవలన్నీ ఏసుకొని పోతా. సీజర్ అంతే చేసినాడని మీరే చెప్పినారు కదా?"

చెప్పాను. సైన్యాన్ని వదిలి రమ్మంటే సైన్యంతోనే రూబికాన్ నది దాటిన ఆ రోమన్ సేనాని పాఠం ఏటా ఉత్సాహంగా చెప్పేవాణ్ణి. తర్వాతి అంతర్యుద్ధాన్ని రెండు వాక్యాల్లో ముగించేవాణ్ణి. ఆగమంటుండగానే ఫోన్ పెట్టేశాడు.

సోమవారం ఉదయం ఆరూ ఇరవైకి బిట్రగుంటలో ప్యాసింజర్ ఎక్కాను. మోకాళ్ల నొప్పులు, పైగా నిద్ర లేదు. నెల్లూరులో రెండు ఇడ్లీలు తిని, ఎనిమిది గంటల మైపాడు బస్సులో కూలబడ్డాను. పక్కన ఖాళీ చేపల తట్టతో ఒకావిడ. ప్రభుదాసు పాలేనికి దారి అడిగాను.

"ఆ పాలేనికి ఆటోలు రావు సార్. తెల్లారేలోపే కాలువ దాటేసినారంట. తలలు పగిలినాయి," అంది.

బస్సు దిగి రెండు కిలోమీటర్లు ఎండలో నడిచాను. కాలిన వలల వాసన. కాలువ ఎంత సన్నదంటే, ఈ గట్టున మాట్లాడితే ఆ గట్టున వినిపిస్తుంది.

ప్రభుదాసు ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. అతని భార్య కరుణమ్మ పుట్టిల్లు అవతలి పాలెమే. ఆమె తమ్ముడు తెడ్డు దెబ్బ తిని నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నాడు.

"మా పడవలోళ్లను వెనక్కి రమ్మంటే ఒక్కడూ వినడం లా సార్. తర్వాత సీజర్ ఏం చేసినాడు?"

"ఏళ్ల తరబడి తనవాళ్లతోనే యుద్ధం చేశాడు."

కరుణమ్మ లేచింది. "ఆ కథ ఇప్పుడెందుకు సార్? నన్ను నా తమ్ముడి దగ్గరికి తీసకపోండి. మీరుంటే మావాళ్లు ఏమీ అనరు."

ఒంటిగంట బస్సులో ఇద్దరం వెళ్లాం. వార్డు ముందు ఆమె తల్లి అడ్డంగా నిలబడింది. "నీ మొగుడు పంపినాడా?"

"లేదమ్మా. నేనే వచ్చినా."

తల్లి పక్కకు జరిగింది.

సాయంత్రం రైల్లో సీటు దొరకలేదు. మైపాడు బీచికి వెళ్లాలనుకునేవాళ్లకు రైలూ బస్సూ చెప్పగలను. సముద్రం ఎలా ఉందంటే మాత్రం చెప్పలేను. ఉన్నంతసేపూ ఒక్కసారైనా అటు చూడలేదు.