నాయన వదిలిన వంతు

మేము ఊరు వదిలి పోతున్నామని ఆ పొద్దున మా నాయన నోరు తెరిచేదాకా నాకు తెలియదు. సూళ్లూరుపేటలో ఇల్లు అద్దెకు చూసింది నేనే, సామాను ఎక్కించడానికి ట్రాలీ ఆటో పిలిపించింది కూడా నేనే. అయినా నా మనసులో అది ఊరు వదలడం కాదు. అమ్మ కాలి పుండు మానేదాకా పేటలో ఉండి రావడం, అంతే.

అమ్మకు షుగరు. పాదం కింద లేచిన పుండు ఎన్నాళ్లకూ ఆరలేదు. ఉప్పునీళ్లు తగలకూడదు, రోజూ కట్టు మార్పించాలి అన్నాడు డాక్టరు. మాది పులికాట్ సరస్సు ఒడ్డు. అక్కడ ఉప్పునీళ్లు తగలకుండా ఉండాలంటే మంచం దిగకూడదు. బస్సా, వస్తే వచ్చినట్టు, రాకుంటే లేదు. "కాలు తీసేసినాక పోదామా అయితే?" అని నాయన మీద అరిచాను. ఆయన సరేనన్నాడు.

మాకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా వంతు. సరస్సులో రొయ్య బాగా పడే తావులు కొన్నే ఉంటాయి. అక్కడ ఎవరు పడితే వాళ్లు వల కట్టడానికి లేదు. రోజుకు కొన్ని ఇళ్ల చొప్పున వంతు తిరుగుతుంది. రాకెట్ పోయే రోజున నీళ్లలోకి పోనివ్వరు కాబట్టి ఆ రోజు వంతు వచ్చిన ఇంటి పని గోవిందా. చూడ్డానికి మద్రాసు నుంచి కార్లేసుకొచ్చినవాళ్లు చప్పట్లు కొడుతుంటే మా ఇళ్లలో చారు కాగేది. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లు అన్నది ఏటా గవ్వలు తీసి తేలుస్తారు. ఇంటికొక గవ్వ, దాని మీద ఆ ఇంటి గుర్తు. ఆ గవ్వల కుండ ఉండేది మా ఇంట్లోనే, ఎందుకంటే ఊరి పెద్ద మా నాయన.

ఊళ్లో పొయ్యి వెలిగే ఇంటికే వంతు. తాళం పడితే పోయినట్టే. అందుకని అమ్మ ఒక ఉపాయం చేసింది. రోజూ సాయంత్రం మా చిన్నమ్మ వచ్చి మా పొయ్యిలో రెండు పుల్లలు పెట్టి వెలిగిస్తుంది, మా వంతు రోజున నాయన పేట నుంచి బస్సెక్కి వచ్చి వల కడతాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ కాదనలేదు. నాయన కూడా విని ఊరుకున్నాడు. ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టేనని అనుకున్నాం, మా ఖర్మ.

సామాను ఎక్కించాక నాయన గవ్వల కుండ పట్టుకుని ఒడ్డుకు నడిచాడు. అప్పటికే పెద్దలందరూ వచ్చి ఉన్నారు. చెప్పి పోవడానికి పిలిపించాడేమోనని వెనకాలే పోయి నిలబడ్డాను. ఆయన కుండలో చెయ్యి పెట్టి మా ఇంటి గవ్వ బయటికి తీశాడు.

"ఇంక మాకు వంతు లేదు," అన్నాడు.

మా చిన్నాయన లేచాడు. "అదేంది అన్నా! నువ్వు పొయ్యేది పేటకే గదా. పొయ్యి వెలిగిస్తామని మా ఆడోళ్లు చెప్తానే ఉండారు."

"గుమ్మిడిపూండి కంపెనీకి పోయినోడు గూడా ఇట్టానే అడిగినాడు," అన్నాడు నాయన. "వాళ్లమ్మ పొయ్యి వెలిగిస్తాదని కాళ్లా వేళ్లా పడినాడు. తినేటోళ్లు లేని పొయ్యి పొయ్యి గాదని చెప్పింది ఎవరు? నేను గాదా?"

నాయన గవ్వను నీళ్లలోకి విసిరేసి, కుండ తీసి చిన్నాయన చేతిలో పెట్టాడు. ఆ నీళ్లు మా తాత దిగిన నీళ్లు, ఆయన తాత దిగిన నీళ్లు. ఇంట్లో ఒక్కరితోనైనా మాట మాత్రం చెప్పకుండా అంత పని చేశాడు మా నాయన.

అంతకంటే దిమ్మ తిరిగింది ఆ తర్వాతే. ఇంకో రెండుసార్లయినా వద్దంటారు, బతిమాలతారు అనుకున్నాను. ఎవరూ అనలేదు. ఒక ఇల్లు తగ్గితే మిగతా ఇళ్ల వంతు ముందుకు జరుగుతుంది గదా. చిన్నాయన కొడుకు, కొత్తగా పెళ్లయినవాడు, నా ఎదుటే వేళ్లు మడిచి లెక్క వేసుకుంటున్నాడు. చిన్నప్పుడు వాణ్ని చంకనేసుకుని తిరిగింది నేనే. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది.

ఆటోలో కాలు చాపుకుని కూర్చున్న అమ్మకు నేనే పోయి చెప్పాను. మొదట నమ్మలేదు. నాయన వచ్చి ఎక్కాక ఆయన ముఖం చూసి నమ్మింది. "ఇంక పేటలో నువ్వు ఏం జేస్తావు? గోళ్లు గిల్లుకుంటా కూర్చుంటావా?" అని దారి పొడుగునా తిట్టింది.

పేటలో అమ్మ పుండు మానింది. నాయన ఒక కల్యాణ మండపానికి వాచ్‌మన్‌గా కుదిరాడు.

కొన్నాళ్లకు చిన్నాయన మనవడికి పేరు పెడుతున్నారంటే ముగ్గురం ఊరికి పోయాం. బస్సు దిగీ దిగగానే నాయన కాళ్లు ఒడ్డుకే లాగాయి. ఆ రోజు వంతు చిన్నాయన వాళ్లది, అప్పుడే పడవ వచ్చి ఆగింది. మా ఊళ్లో ఒక మర్యాద ఉంది. పడవ వచ్చేసరికి ఊరికి వచ్చిన చుట్టాలెవరైనా ఒడ్డున ఉంటే, ముందు వాళ్లకు కూరకని దోసెడు రొయ్యలు పెట్టాకే మిగతావి తూకానికి పోతాయి. ఊరివాళ్లు అది ముట్టరు. పొరపాటున ఇవ్వబోయినా తిట్టినట్టే లెక్క.

చిన్నాయన కొడుకు దోసెడు రొయ్యలతో నేరుగా మా నాయన దగ్గరికి వచ్చాడు. "పట్టు పెదనాయనా," అన్నాడు. వాడి ముఖంలో ఎగతాళి లేదు, చెడ్డ ఉద్దేశం లేదు. నిజంగానే మర్యాద చేస్తున్నాడు. తీసుకోవద్దు నాయనా, కసిరి పంపెయ్ వాణ్ని అని లోపల మొత్తుకున్నాను.

నాయన భుజం మీది తుండు తీసి, రెండు చేతులతో చాపి పట్టాడు. "చల్లంగా ఉండు నాయనా," అన్నాడు. చుట్టాలు అనే మాట అది.

మధ్యాహ్నం ఆ రొయ్యల కూర నేను ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాను. నాయన మారు వడ్డించుకుని తిన్నాడు.