యాదగిరి ముక్కుకు కారణం

ఈ రోజు మా బస్తీ యాదగిరిని పంజాగుట్టలో ముక్కు డాక్టరుకు చూపించాను. సనత్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా ఇనుప సామాన్లకు మెరుపు పూత వేసే క్రోమ్ ప్లేటింగ్ తొట్టి పక్కన నిలబడి పనిచేస్తున్న మనిషి. ఆ ఆవిరికి ముక్కు లోపలి గోడకు చిల్లు పడింది, పైన దూలం కుంగింది. ఊపిరి తీస్తే ఈల వినిపిస్తుంది. చిల్లు మూసి, అదే ఆపరేషన్‌లో ముక్కు ఆకారం కూడా నిలబెడతామన్నాడు డాక్టరు.

ఫారం నింపే అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. "కారణం ఏంటి సార్? యాక్సిడెంటా, అందం కోసమా? సినిమా వేషాల కోసం కృష్ణానగర్ నుంచి వచ్చేవాళ్లు అందమనే రాయిస్తారు."

"ఫ్యాక్టరీ పని అని రాయండి," అన్నాను.

"ఆ గడి లేదండి."

"లేకపోతే పెన్నుతో గీయండి!" గొంతు పెంచాను.

యాదగిరి నా చెయ్యి పట్టుకున్నాడు. "జర ఆగన్నా. సెలవుకు గీ కాయితమే సేటుకు చూపియ్యాలె. ఫ్యాక్టరీ అని ఉంటే మళ్ల పన్లకు రానియ్యడు. అందమనే రాయి బిడ్డా, నా పెండ్లాం సుత ఖుషీ అయితది." నవ్వాడు. నవ్వుతోపాటు ఈల కూడా వచ్చింది.

అందమనే రాశారు. కింద సాక్షి సంతకం నాది, కార్మిక హక్కుల మీద ఇన్నేళ్లు ఉపన్యాసాలిచ్చినవాడిది. నిజమే రాయించాల్సిందనే మిత్రులు కామెంట్ పెట్టండి. దాంతోపాటు, యాదగిరికి మీరు ఇప్పించే పని ఎక్కడో కూడా రాయండి.